ఒక చోటు, రెండు కత్తులు

పోయినవారం కథ ఒక నోటి దగ్గర ఆగింది. ఆ నోరు అలోయిస్ హ్రుష్కా గారిది. డుబినా ఊరి పళ్ళ డాక్టరు వోయ్‌తెక్, కట్టుడు పళ్ళ కొలత కోసం ఆ నోటినిండా గులాబీ రంగు ముద్ద కూరి, పెద్దాయన కిక్కురుమనలేని ఆ శుభముహూర్తం చూసుకుని, మీ అమ్మాయి క్వేటాని పెళ్ళి చేసుకుంటానండీ అని అడిగేశాడు. హ్రుష్కా అంటే వాళ్ళ భాషలో బేరిపండు. పండు గారింటి పిల్లని పళ్ళ డాక్టరు అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే పెళ్ళికొడుకు యాభై దాటినవాడు, మొదటి పెళ్ళి పుచ్చి ఊడిపోయినవాడు. పెళ్ళికూతురూ యాభైకి దగ్గర్లోనే ఉంది. ఆ వయసు కూతురికి తండ్రి అనుమతి ఎందుకంటారేమో, క్వేటా ఇంట్లో పై అంతస్తు ఆయనదే. ఆమెతో పెళ్ళంటే ఆయనతో కాపురం.

ముద్ద గట్టిపడి బయటికొచ్చాక పెద్దాయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. సెలవునాడు హవ్రనొవ్ కోట దాకా నడుద్దాం, అడవిలో ఎలా నడుస్తావో చూస్తే ఇంట్లో ఎలా నడుచుకుంటావో తెలుస్తుంది అన్నారు. క్వేటా మాట ఇంకా పొట్టిది. కోట మీద సాసేజి తిన్నాక జవాబు చెబుతానంది.

ఆ సెలవు ఇవాళ.

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. వాన పడితే మనుషులు గొడుగులు తెరుస్తారు, వాన వెలిస్తే నేల తెరుస్తుంది. ఆ సంగతి డుబినాలో పసిపిల్లలకి కూడా తెలుసు కనక, పొద్దున్నే వచ్చే చిన్న రైల్లో కాలు పెట్టే చోటు లేదు. అందరూ కోట చూడ్డానికే వెళుతున్నామని చెప్పుకుంటున్నారు. ఒక్కడి చేతిలోనూ బుట్ట లేదు. బుట్ట లేకపోవడమే అనుమానంగా ఉంది.

డుబినా వాళ్ళు ఏదైనా చెబుతారు. జీతం చెబుతారు, జబ్బు చెబుతారు, పక్కింటివాళ్ళ జబ్బైతే ఇంకా వివరంగా చెబుతారు. పుట్టగొడుగులు దొరికే చోటు మాత్రం చెప్పరు. చోటు అనేది చాటుకునేది కాదు, చాటుగా ఉంచుకునేది. అలోయిస్ గారు గుడ్డసంచీ మడిచి టోపీలో పెట్టుకున్నారు. వోయ్‌తెక్ తన సంచీని మేజోడులో దాచుకుని, ఆ కాలు కాస్త లావుగా ఉందని ఎవరైనా అడిగితే వాపని చెబుదామనుకున్నాడు.

రైలు దిగగానే అడవి. చెట్ల మీద తెలుపు, ఎరుపు, తెలుపు గీతలు దారి చూపిస్తున్నాయి. తడిసిన ఆకుల వాసన, ఆ కిందినుంచి ఇంకో వాసన, అది తగిలితే డుబినా మనిషికి ముక్కు కుక్కముక్కు అవుతుంది. ఎదురొచ్చిన ప్రతివాడికీ "ఆహోయ్" అనడం అక్కడి మర్యాద. ఆ దేశానికి సముద్రం లేదు, పలకరింపు మాత్రం పడవవాళ్ళది. దారి పొడుగునా బీచ్ చెట్లే, బీచ్ మాత్రం లేదు. ఈ లోటు గురించి అక్కడ ఎవరూ బెంగపడినట్టు కనపడదు.

ముందు క్వేటా నడుస్తోంది. ఆమె డ్రైవింగ్ నేర్పుతుంది. జిల్లాలో సగంమంది ఆమె పక్క సీట్లో చెమటలు కక్కి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళే. అడవిలో కూడా మలుపొస్తే ముందుగానే చెయ్యి చాపి చూపించడం ఆమెకి అలవాటు. ఆ చెయ్యి ఎటు చాపినా వోయ్‌తెక్ అటు తిరగడానికి సిద్ధంగా ఉన్నాడు. క్వేటా కోసం అతని వేట మొదలై చాలా కాలమైంది.

వెనకాల పెద్దాయన తన బాధ మొదలుపెట్టారు. ఆయనకొక చోటుంది. ఎక్కడో చెప్పరు. ఆ చోటికి ఒక దొంగ మరిగాడు. ఏళ్ళ తరబడి, ఆయన వెళ్ళేసరికి వాడు వచ్చి వెళ్ళి ఉంటాడు. పోనీ మొరటువాడా అంటే కాదు. కాడ మొదలంటా పీకడు, నున్నగా కోస్తాడు, కోసినచోట నాచు కప్పుతాడు. అదే ఆయనకి ఒళ్ళు మండించేది. దోచుకున్నవాడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళినట్టుంటుందట.

వోయ్‌తెక్‌కి గుండె తరుక్కుపోయింది. ఎందుకంటే సరిగ్గా అలాంటి దొంగే తనకీ ఉన్నాడు. తన చోటూ తను చెప్పడు, కానీ అక్కడికెవడో ముసలి నక్క ముందే వచ్చి లేతవన్నీ ఏరుకుని, ముదురువి తనకి వదులుతున్నాడు. అలాంటివాళ్ళకి పన్ను పీకేటప్పుడు మత్తు ఇవ్వకూడదన్నాడు. పెద్దాయనకి ఆ మాట ఎంత నచ్చిందంటే, నడక ఆపి డాక్టరు భుజం తట్టారు. పీకేటప్పుడు నన్నూ పిలు, వాడి కాళ్ళు నేను పట్టుకుంటానన్నారు. మామా అల్లుళ్ళ మధ్య ఇంతకంటే మంచి పొత్తు ఏం కావాలి. ముందు నడుస్తున్న క్వేటా వెనక్కి తిరగలేదు గానీ, ఆమె భుజాలు రెండుసార్లు కదిలాయి. దగ్గో, నవ్వో.

వాగు మీద చెక్క దాటాక పెద్దాయన ఆగారు. ఈ వయసులో మూత్రపిండాలు మన మాట వినవు, మీరు పదండి, నేను వెనకాలే వస్తానన్నారు. ఆయన చెట్లలోకి వెళ్ళిన కాసేపటికి వోయ్‌తెక్ బూటులో రాయి పడింది. రాయి తీసుకుని వస్తాను, నువ్వు నడుస్తూ ఉండు అన్నాడు. సరే, నేను పైకెళ్ళి మంట రాజేస్తాను, రాయి పెద్దదైతే నింపాదిగా రా అంది క్వేటా.

ఆమె మలుపు తిరిగేదాకా బూటు దులిపినవాడు, తిరగ్గానే కుందేలు పిల్లలా అడవిలో పడ్డాడు. కుడివైపు ఏటవాలు దిగి, రెండు నల్ల బండలు ఒకదానికొకటి వీపు ఆనించుకున్న చోటికొచ్చి, నేలదాకా వంగిన పైన్ కొమ్మల కిందకి బోర్లా పడుకుని పాకాడు. లోపల ఒక గదంత జాగా. నేలంతా నాచు. మధ్యలో అది ఉంది. గోధుమరంగు టోపీ, తెల్లటి లావుపాటి కాడ, రొట్టె తయారుచేసేవాడి పొట్టలాంటి ఠీవి. చుట్టూ దాని పిల్లాజెల్లా. వోయ్‌తెక్ కత్తి తెరిచి చెయ్యి చాపాడు.

అవతలి కొమ్మల కిందనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. దాని వెనక ఇంకో కత్తి. దాని వెనక టోపీ లేని ఒక బట్టతల.

ఇద్దరూ మోకాళ్ళ మీద, చేతుల మీద, పుట్టగొడుగుకి చెరో పక్కా నిలిచిపోయారు. చాలాసేపు అడవిలో ఒక వడ్రంగిపిట్ట తప్ప ఎవరూ ఏ పనీ చెయ్యలేదు.

"నువ్వా," అన్నారు అలోయిస్ గారు.

"మీరా," అన్నాడు వోయ్‌తెక్.

"రాయి ఇక్కడ పడిందా నీ బూటులో?"

"మీ మూత్రపిండాలు ఇక్కడిదాకా వచ్చాయా?"

పెద్దాయన కత్తి దించలేదు. "ఇన్నేళ్ళూ నా పుట్టగొడుగులు మెక్కి, ఆ చేతులతోనే నా నోట్లో వేళ్ళు పెట్టావు. నోరు బాగా తెరవండి అన్నావు. తెరిచాను. సిగ్గులేకుండా తెరిచాను."

"మీ పళ్ళు అరిగిపోయింది నా పుట్టగొడుగుల మీదే కదండీ. మళ్ళీ నా చేతే కట్టించుకుంటున్నారు."

"నీవా? ఇది మా మావయ్య చోటు. పోయేముందు నా చెవిలో చెప్పాడు. మంచం పక్కనున్న నర్సు వినకుండా మధ్యమధ్య దగ్గుతూ చెప్పాడు. నీకెవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదు. విడాకులైన రోజు దారీ తెన్నూ చూసుకోకుండా నడిచాను. ఎవరూ చూడకుండా ఏడవడానికి ఒక చోటు కావాల్సొచ్చింది. ఈ కొమ్మల కిందకి దూరాను." వోయ్‌తెక్ నాచు మీద అరచెయ్యి వేశాడు. "దూరాక ఏడుపు రాలేదు. ఇవి కనపడ్డాయి."

పెద్దాయన కత్తి మొన నేలలోకి గుచ్చి, దాని మీద బరువు ఆన్చి, మెల్లగా కూర్చున్నారు. ఆయన మొహం చూస్తే పెళ్ళి అక్కడే ఆగిపోయినట్టు అనిపించింది. బేరిపండు గారితో బేరం చెడిందని వోయ్‌తెక్ నిశ్చయించుకుని, సంచీ మళ్ళీ మేజోడులోకి తోస్తున్నాడు.

"మధ్యలో ఒక ఏడు రాలేదేం?" అన్నారు పెద్దాయన, మోకాలు చూసుకుంటూ.

"కాలు విరిగింది. అంతకుముందు చలికాలం మంచు మీద జారాను."

"చచ్చావనుకున్నాను."

"సంతోషించి ఉంటారు."

"మొదటి వారం సంతోషించాను. అన్నీ నేనే కోసుకున్నాను. రెండో వారం వచ్చి చూస్తే ఎక్కడివక్కడే ఉన్నాయి. తిట్టుకుందామంటే మనిషి లేడు. ఇంటికెళ్ళి చెప్పుకుందామంటే చెప్పుకునేది కాదు. ఈ ప్రపంచంలో ఈ చోటు తెలిసినవాళ్ళం ఇద్దరమే కదా, రెండోవాడు పోయాడనుకున్నాను." నాచు మీద పడ్డ పైన్ సూది ఒకటి ఏరి పారేశారు. "ఆఖరి వారం ఒకటి కొయ్యకుండా వదిలేశాను. అన్నిటికంటే పెద్దది. బతికుంటే వస్తాడని."

వోయ్‌తెక్ చేతిలో సంచీ చేతిలోనే ఉంది. ఆ ఏడు మళ్ళీ మంచు పడేముందు, చేతికర్ర పట్టుకుని తను ఒక్కసారి వచ్చిన సంగతి చెప్పాడు. అది అప్పటికే కుళ్ళి నల్లబడిందట. కానీ దాని చుట్టూ ఎవరో నాచు ఒత్తి, చలి తగలకుండా చిన్న గోడ కట్టి ఉన్నారట. అది ఏ పిచ్చివాడి పనో అర్థం కాక అరగంట కూర్చున్నాడట.

"ఆ పిచ్చివాణ్ణి నేనే," అన్నారు అలోయిస్ గారు.

ఇక అక్కడినుంచి ఆ ఇద్దరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. తుఫాను వచ్చిన ఏడు ఎన్ని దొరికాయి, ఎండలు కాసిన ఏడు ఎలా ఎండిపోయింది, నత్తలు పట్టిన ఏడు నువ్వేం చేశావు, నేనిలా చేశాను. ఈ మాటలన్నీ ఇన్నేళ్ళూ ఇద్దరి కడుపుల్లోనూ ఊరగాయలా ఊరుతున్నాయి, జాడీ మూత ఇప్పుడు ఊడింది. పెద్దాయన జేబులోంచి ప్లమ్ పళ్ళ సారా బుడ్డి వచ్చింది. కోత సగం సగం. ఎడమ బండవైపువి ముసలి దొంగకి, కుడి బండవైపువి కుర్ర దొంగకి, మధ్యలో మారాజుని నిలువునా రెండుగా. చీలిస్తే లోపల ఒక్క పురుగు లేదు, కొత్త సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు.

"పిల్లని ఇస్తాను," అన్నారు పెద్దాయన. "నేనిచ్చేదేముంది, అది తీసుకుంటే తీసుకున్నట్టు. నా వైపునుంచి అడ్డు లేదు. కానీ ఈ చోటు ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా దానికి."

వోయ్‌తెక్ తటపటాయించాడు. పెళ్ళాం దగ్గర దాపరికమా అని నసిగాడు.

"అది పాఠాలు చెప్పే మనిషి. అడిగినవాడికల్లా ఎడమకి తిరుగు, నెమ్మదిగా పోనీ, ఇక్కడ ఆపు అని వివరంగా చెప్పి పంపిస్తుంది. వచ్చే ఏడు ఇక్కడ పార్కింగు దొరకదు. ప్రమాణం చెయ్యి, లేదా నడువు."

వోయ్‌తెక్ పుట్టగొడుగు సగం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. చేసి, జీవితంలో మొదటిసారి ఆయన్ని "మావయ్యా" అన్నాడు. ఆ పిలుపుకి పెద్దాయన బుడ్డి మూత పెట్టబోతూ ఆగి, ఇంకొకసారి అందించారు.

హవ్రనొవ్ అంటే కాకుల కోట. పెద్ద ద్వారం మిగిలింది, ఒక బురుజు మిగిలింది, మిగిలినది మిగల్లేదు. కొండనెత్తిన అక్కడొకటి ఇక్కడొకటి నిలబడ్డ గోడల్ని ఎవరైనా పాత చరిత్రలా చూస్తారు. వోయ్‌తెక్ మాత్రం ఎప్పుడు చూసినా పై దవడ, కింది దవడ అని లెక్కేసుకుంటాడు. ఇవాళ అలా తోచలేదు. ఎండ పడుతోంది, కాకులు ఎగురుతున్నాయి, రాళ్ళ మధ్య నాలుగైదు మంటల చుట్టూ కుటుంబాలు కూర్చుని, కొసలు చీల్చిన సాసేజీల్ని పుల్లలకి గుచ్చి కాలుస్తున్నాయి. కొవ్వు మంటలో పడి చిటపటమన్నప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతున్నారు. కోటలో రాజు లేడు, రాణి లేదు, ప్రతివాడికీ సాసేజీల కోటా మాత్రం ఉంది.

క్వేటా మంట దగ్గర దుప్పటి పరిచి, రొట్టె కోసి, ఆవముద్ద గిన్నె తెరిచి ఉంచింది. ఆ ఇద్దరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని ద్వారంలోంచి లోపలికి రావడం చూసింది. ఇద్దరి తలల్లోనూ పైన్ సూదులు. ఇద్దరి మోకాళ్ళ మీదా పచ్చటి నాచు. ఒకే గోడకి బండి గీసుకుని వచ్చిన ఇద్దరు శిష్యుల్ని చూసినట్టు చూసింది. ఏమీ అడగలేదు. సాసేజి పుల్ల చెరొకటి చేతికిచ్చింది.

భోజనం బ్రహ్మాండంగా సాగింది. పెద్దాయన మాటకి ముందు అల్లుడూ, మాట చివర అల్లుడూ అంటున్నారు. పక్క మంట దగ్గరివాళ్ళకి సాసేజి ఎలా తిప్పాలో చెప్పొచ్చారు, తెలిసిన పాట ఒకటి ఎత్తుకున్నారు, రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్ళీ పాడారు. వోయ్‌తెక్ గొంతు కలిపాడు. క్వేటా కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి, పాతికేళ్ళుగా అందరి నోళ్ళలోకీ తొంగిచూస్తూ బతికినవాడు, ఈ ఒక్క నోటినుంచి రాబోయే ఒక్క మాట కోసం చెవులు రిక్కించాడు.

ఆమె వేళ్ళకంటిన ఆవముద్ద తుడుచుకుంది.

"నాన్నకి నువ్వు నచ్చావు," అంది. "అది చాలా కష్టమైన పని, ఎలా చేశావో అడగను. నా సంగతి చెబుతాను విను, వోయ్‌తా. అమ్మ ఆఖరి రోజుల్లో కూడా నాన్నని అడిగింది, నీ చోటెక్కడా అని. నువ్వు లేచి కూర్చో, తీసుకెళ్ళి చూపిస్తా అన్నాడు. అమ్మ లేవలేదు. ఆయనతో జీవితమంతా గడిపిన మనిషి, ఆయన శనివారాలు ఎక్కడికి పోయేవాడో తెలియకుండానే వెళ్ళిపోయింది."

వెనకాల పెద్దాయన పాట ఆగింది.

"నా మొదటి మొగుడు చేపలకెళ్ళేవాడు. ఏ చెరువని అడిగితే చెప్పేవాడు కాదు. ఆఖర్న తెలిసింది, ఆ చెరువు పేరు యార్మిలా అని, గౌను వేసుకుంటుందని." ఈ మాటకి ఆమే నవ్వింది. "నాకు పుట్టగొడుగులు అక్కర్లేదు. షాజీరా వేసి గుడ్లతో వేయిస్తే ఇష్టమే గానీ, లేకపోయినా బతుకుతాను. ఎక్కడికి వెళుతున్నాడో చెప్పే మనిషి మాత్రం కావాలి. నీ మోకాలి మీద నాచుంది. అది ఎక్కడిదో నాకు చూపించు. ఇప్పుడే. అక్కడ నిలబడి నా జవాబు చెబుతాను."

వోయ్‌తెక్ ఆమె భుజం మీదుగా చూశాడు. పెద్దాయన రొట్టె కోస్తున్నట్టు కత్తి పట్టుకుని, రొట్టెని చూడకుండా ఇతన్నే చూస్తూ, తల అటూ ఇటూ మెల్లగా ఆడిస్తున్నారు. ఆ కళ్ళలో కోపం లేదు, ఉంటే బాగుండేది. ఈ ప్రపంచంలో ఆ చోటు తెలిసిన రెండోవాణ్ణి ఇవాళే దొరకబుచ్చుకున్న మనిషి కళ్ళు అవి.

తండ్రికిచ్చిన మాట నిలబెడితే కూతురు చేజారుతుంది. కూతురికి చోటు చూపిస్తే తండ్రి చేజారుతాడు. ఇల్లేమో ఇద్దరికీ కలిపి ఒక్కటే. ఏ పన్ను పీకినా పక్క పన్ను కదిలేలా ఉంది.

"పద," అన్నాడు చివరికి.

ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. ద్వారం దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు వాళ్ళెక్కి వచ్చిన ఎరుపు గీతల దారి, కిందికి, వాగు వైపు. ఎడమవైపు పసుపు గీతల దారి, అడవికి అవతలి పక్కకి. అటు వోయ్‌తెక్ ఎప్పుడూ వెళ్ళలేదు. అటు ఏముందో తెలియదు. నాచు ఎక్కడైనా నాచే కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. ఏదో ఒక బండ, ఏదో ఒక చెట్టు, ఇదే ఆ చోటు అంటే సరిపోతుంది, పెద్దాయనా దక్కుతాడు, ఈమె కూడా దక్కుతుంది. వెనక పెద్దాయన చూపు వీపుకి గుచ్చుకుంటోంది. ముందు దారి ఖాళీగా ఉంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది.

వోయ్‌తెక్ ఎడమకి తిరిగాడు. నాలుగడుగులు వేశాడు.

ఐదో అడుగు పడలేదు. పట్టుకున్న చెయ్యి కదలకుండా అక్కడే నిలబడిపోయింది.

"అటు కాదు, వోయ్‌తా," అంది క్వేటా. కొత్తగా స్టీరింగు పట్టిన కుర్రాడితో మాట్లాడే గొంతుతో, తొందర లేకుండా. "కుడివైపు. వాగు మీది చెక్కకి ఇవతలే కిందికి, వీపులు ఆనించుకున్న రెండు బండల దగ్గర. అమ్మ పోయాక ఒక శనివారం నాన్న వెనకాలే వచ్చి చూశాను."

ద్వారం లోపల రొట్టె మంటలో పడ్డ చప్పుడైంది.

వోయ్‌తెక్ వెనక్కి తిరిగాడు. సూర్యుడు సరిగ్గా ఆమె వెనకాల ఉన్నాడు. ఆమె నవ్వుతోందో లేదో కనపడలేదు. అతని చేతిలోంచి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే బయటికి రావడం మాత్రం తెలిసింది.